శివారుకందని కరెంటు: గోదావరి సీమలో బండెక్కిన మైకు కథ

కారు డిక్కీలో అమర్చిన సబ్ ఊఫరు రెండు దెబ్బలు వేసి, మూడో దెబ్బకు మౌనం దాల్చి, కాసేపటికి తనంత తానే మేలుకోవడం తరచుగా వినిపించే ఫిర్యాదు. పాట ఆగదు. గాయకుడి గొంతూ వేణువూ తాళాలూ యథాప్రకారం వినిపిస్తూనే ఉంటాయి. అడుగున ఉండి పాటను మోస్తున్న మంద్రనాదం మాత్రం ఉండుండి మాయమవుతుంది. సొంతదారు మొదట పెట్టెను అనుమానిస్తాడు. పెట్టె మారుస్తాడు, జబ్బు పోదు. అప్పుడు అంతకన్న పెద్ద పెట్టె కొంటాడు, జబ్బు ముదురుతుంది.

ఆ జబ్బు చరిత్రే ఈ వ్యాసం. సబ్ ఊఫరు మన సీమకు ఇటీవలి చుట్టమే గాని, బండెక్కిన శబ్దం నడిదారిలో ఆగిపోవడం పాత సంగతి. సినిమా ప్రచారపు రిక్షా మొదలుకొని పెళ్లి ఊరేగింపు వ్యాను దాకా మైకు కట్టిన ప్రతి బండికీ ఈ తెగులు సోకింది. సోకిన ప్రతిసారీ నింద గొంతు మీద పడింది. దోషం మాత్రం చాలా సార్లు ఆ గొంతుకు తిండి పెట్టే దారిలో ఉంది. కాలువ నీటితో బతికే డెల్టా వారికి ఈ మాట ఒక్కసారి చెబితే చాలునని నా నమ్మకం. ఎందుకో ముందుకు పోయాక మనవి చేస్తాను.

విద్యుత్తు రాకముందు పల్లెల్లో కబురు చెప్పే యంత్రం తప్పెట. శిస్తు వసూళ్లూ వేలంపాటలూ వరద కబుర్లూ అన్నీ టముకు వేసి చెప్పవలసినవే. ఇందులో చక్కని పని పంపకం ఉంది. తప్పెట మంద్రంగా మోగి పెరట్లో ఉన్నవారిని సైతం వీధిలోకి పిలుస్తుంది. వచ్చాక మనిషి గొంతు విషయం చెబుతుంది. దరువుకు అర్థం లేదు, గొంతుకు దూరం లేదు. రెండూ కలిస్తేనే కబురు. వానాకాలంలో చర్మం చెమ్మగిల్లి తప్పెట గొంతు పడిపోతే మంటకు కాచి బిగువు తెచ్చేవారు. ధ్వని తగ్గినప్పుడు పరికరాన్ని పారవేయకుండా బిగువు ఎక్కడ తప్పిందో చూడడమనే విద్య వారికి బాగా తెలుసు.

నాటకాలది మరో దారి. 1880లలో ధార్వాడ నాటక సమాజం ఆంధ్ర పట్టణాల్లో ప్రదర్శనలిచ్చి వెళ్లాక రాజమండ్రిలో నాటకాల జోరు పెరిగింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు నాటకాలు రాసి ఆడించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి నాటకాల్లో యువకుడైన టంగుటూరి ప్రకాశం ఆడవేషాలు కట్టారు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, భీమవరం చేరువనున్న యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా రాసిన పాండవ నాటకాల పద్యాలు తరువాతి తరాల్లో పశులకాపరుల నోట కూడా పలికాయి. ఆ రంగస్థలానికి మొదట్లో మైకు లేదు. హార్మోనియం శ్రుతీ నటుడి గుండెబలమూ, అంతే. పద్యం చివర సాగదీసే రాగం కేవలం సంగీత ప్రదర్శన కాదనీ, ఆఖరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి మాట చేర్చే ఉపాయం కూడాననీ నా ఊహ. తారస్థాయిలో నిలిపిన అచ్చు దూరం పోతుంది, మంద్రంలో పలికిన హల్లు మొదటి వరుస దాటదు. మైకు వచ్చాక నటులు వేదిక నలుమూలలా తిరగడం మాని మైకు ముందుకు వచ్చి నిలబడసాగారు. అది లాభమో నష్టమో నాటక ప్రియులు తేల్చవలసిన విషయం, నాకు మాత్రం కొంత నష్టమనే తోస్తుంది.

మైకు పుట్టింది ఇక్కడికి చాలా దూరాన. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు కదిలే తీగచుట్ట గల లౌడ్ స్పీకరును జనం ముందు మోగించారు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ సాన్ డియేగోలో వేలమందిని ఉద్దేశించి దాని సాయంతో మాట్లాడాడు. 1925లో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు ప్రకటించిన నమూనా ఈనాటి సబ్ ఊఫరుకు సైతం ముత్తాత. అయస్కాంతం మధ్య తీగచుట్ట, చుట్టకు అతికించిన శంకువు, చుట్టలో కరెంటు పారితే శంకువు ముందుకూ వెనక్కూ కదలడం: సూత్రం నేటికీ ఇదే. మన దేశంలో 1930ల నుంచి కాంగ్రెసు సభలకు మోట్వానే కుటుంబపు చికాగో రేడియో సంస్థ మైకులు సమకూర్చింది. రాజమండ్రిలో 1936లో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ నెలకొల్పి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. తెలుగు టాకీ వయసు అప్పటికి నాలుగేళ్లు. యంత్రం నుంచి వచ్చే గొంతును వినడం గోదావరి గట్టు పట్టణాలకు అలా అలవాటైంది.

పల్లెల సంగతి వేరు. కరెంటే లేదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైంది, రాష్ట్ర విద్యుత్తు మండలి 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఆ తరువాత కూడా తీగ ప్రతి ఊరికీ చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుచేత పల్లెకు వెళ్లే మైకు తన కరెంటును తానే మోసుకుపోవాలి. మోసుకుపోయేది బ్యాటరీ. మన కథ నిజానికి ఇక్కడ మొదలవుతుంది.

ఆనాటి ఆంప్లిఫయరులో ట్రాన్సిస్టర్లు లేవు, వాల్వులు. వాల్వుకు 200 వోల్టులకు అటూ ఇటూగా కావాలి. బండి బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులో 12 వోల్టులో. ఈ అగాధం దాటించడానికి వైబ్రేటరు అనే చిన్న డబ్బా వాడేవారు. అందులో ఒక ఉక్కు రేకు సెకనుకు నూరుసార్లకు పైచిలుకుగా అదురుతూ బ్యాటరీ కరెంటును కోసి కోసి ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని పెద్ద వోల్టేజి చేస్తుంది. 1930లో గాల్విన్ సోదరులు అమెరికాలో అమ్మడం మొదలుపెట్టిన మోటరోలా కారు రేడియో తరువాతి రూపాల్లోనూ ఇదే ఏర్పాటు. రేకు మొనలు నిప్పురవ్వలకు కాలి గరుకెక్కుతాయి. ఒక్కోసారి అంటుకుపోతాయి. అంటుకుంటే ధ్వని లేదు. డబ్బా మీద ఒక మొట్టికాయ వేస్తే మళ్లీ మోగుతుంది. పాత రేడియో ఆగితే నెత్తిన కొట్టే అలవాటుకు ఇలాంటి మూలాలు కూడా ఉన్నాయి. అది మూఢత్వం కాదు, అతుక్కున్న మొనలను విడదీసే చికిత్స. ఆగి ఆగి మోగడమనే జబ్బుకు నాకు తెలిసిన తొలి బండి రూపం ఇది. గమనించండి, దోషం బూరలో లేదు, వాల్వులో కూడా లేదు, కరెంటు దాటవలసిన చోట ఉంది.

ట్రాన్సిస్టరు వచ్చాక వైబ్రేటరు పోయింది. 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడరు కారుకు మన ప్రచార చరిత్రలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదని నా ఫిర్యాదు. పైన రెండు రేకు బూరలు, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ, వెనక సీటులో ఆంప్లిఫయరు, చేతిలో మైకు, కిటికీలోంచి ఎగిరే కరపత్రాలు, వాటి వెంట పరుగెత్తే పిల్లలు. సినిమా మారినా, ఎన్నికలు వచ్చినా, తీర్థం జరిగినా ఇదే దృశ్యం. ఇందులో ఒక చిక్కు ఉండేది. పాత కార్లలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజను వేగంగా తిరిగితేనే డైనమో బ్యాటరీని నింపుతుంది. ప్రచారపు కారు నడకవేగంతో వీధులు తిరగాలి. అంటే ఆంప్లిఫయరు రోజంతా తాగుతూ ఉంటుంది, డైనమో పోసేది చుక్కలు. మధ్యాహ్నానికి మైకు గొంతు బొంగురుపోయేది, సాయంత్రానికి మాట మింగడం మొదలుపెట్టేది. తెలిసినవారు అదనంగా మరో బ్యాటరీ తెచ్చుకునేవారు. తరువాత వచ్చిన ఆల్టర్నేటరు ఇంజను మెల్లగా తిరిగినా కొంత పోయగలదు గనుక ఈ బాధ తగ్గింది.

బండెక్కిన మైకు తెలుగు దేశ చరిత్రను మలుపు తిప్పిన సందర్భం 1982. ఆ ఏడాది మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు గారు పాత షెవర్లే వ్యాను ఒకదాన్ని మార్పించి, చైతన్యరథమని పేరు పెట్టి, కుమారుడు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరిలో గెలిచారు. ఆ గెలుపునకు కారణాలు అనేకం. అయితే రంగస్థల పద్యపు గమకంతో మాట్లాడే ఆ గొంతు రోడ్డు పక్కన ఆగిన బండి మీద నుంచి పొలాల్లోకి వినిపించకపోయి ఉంటే కథ ఎలా నడిచేదో ఊహించడం కష్టం. రాజకీయాల మాట అటుంచి, కారులో అమర్చిన శబ్దయంత్రం మన రాష్ట్రంలో చేసిన అతి పెద్ద పని అదేనని నా లెక్క.

ఇక బూర గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. రేకు బూర మంద్రాన్ని పలకలేదు. సుమారు 300 హెర్ట్జుల కింద దాని పని నానాటికీ తీసికట్టు. పాట దాంట్లోంచి వస్తే డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. కాని మాట అర్థం కావడానికి కావలసినదంతా అంతకు పైనే ఉంది. మంద్రం వదులుకున్నందుకు ప్రతిఫలంగా బూర కొద్దిపాటి కరెంటుతో మైలు దూరం వినిపిస్తుంది. 40 వాట్ల ఆంప్లిఫయరు 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీసుకునేది ఐదారు ఆంపియర్లు. అంత స్వల్పానికి ఏ తీగైనా చాలు. తీర్థాల్లో పందిరి నుంచి దూరంగా బూరలు కట్టవలసి వస్తే మైకు సెట్టు వారు మరో ఉపాయం పన్నేవారు. ధ్వనిని 100 వోల్టులకు పెంచి తీగలో పంపి, ప్రతి బూర దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో దించుకునేవారు. 30 వాట్లను 8 ఓముల బూరకు నేరుగా పంపితే తీగలో దాదాపు 2 ఆంపియర్లు పారాలి. 100 వోల్టుల దారిన 0.3 ఆంపియరు చాలు. సన్నని జంటతీగ కొబ్బరి చెట్ల మీదుగా అర కిలోమీటరు లాగినా బూర మోగేది. ఏ కళాశాలలోనూ చదవని మైకు కుర్రవాళ్లు ఈ లెక్కను చేతులతో ఎరుగుదురు.

ఇప్పుడు కాలువ దగ్గరికి వద్దాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఆర్థర్ కాటన్ చేసిన పనేమిటి? నదిలో నీరు అంతకు ముందూ ఉంది. ఆయన మట్టం పెంచాడు. మట్టం పెరిగితేనే నీరు తనంత తాను వాలుగా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి మళ్లుతుంది. కాలువ మొదట ఉన్న ఊరికి నిండుగా అందుతుంది. శివారు ఊరికి? తూడు పట్టిన చోట, గట్టు జారిన చోట, తూము ఇరుకైన చోట మట్టం అంగుళం అంగుళమే పడిపోతూ, శివారు రైతు చేను దగ్గరికి వచ్చేసరికి అడుగంటుతుంది. లాకుల దగ్గర మట్టం చూసి నీరు పుష్కలమని అధికారి రాసుకుంటాడు. శివారు రైతు ఆకాశం వంక చూస్తాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

కారులో బ్యాటరీ ఆనకట్ట, డిక్కీలో ఉన్న ఆంప్లిఫయరు శివారు చేను. వోల్టేజి అంటే మట్టం, కరెంటు అంటే పారుదల. సబ్ ఊఫరు ఆగి ఆగి మోగడం దాదాపు ఎప్పుడూ శివారు రైతు మొరే.

మంద్రాన్ని ప్రత్యేకంగా ఒక పెట్టెలో పలికించడం ఇరవయ్యో శతాబ్దపు రెండో సగపు విద్య. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, ఆయన దారిలో రిచర్డ్ స్మాల్ 1970లలోనూ ప్రకటించిన లెక్కలు ఏ శంకువుకు ఎంత పెట్టె కావాలో తేల్చాయి. 1974లో వచ్చిన ‘ఎర్త్‌క్వేక్’ అనే హాలీవుడ్ చిత్రానికి థియేటర్లలో పెద్ద పెద్ద మంద్రపు పెట్టెలు నిలిపి కుర్చీలు అదరగొట్టారు. ఆ మోజు కార్లలోకి పాకింది, కొన్ని దశాబ్దాలకు మన దగ్గరికీ చేరింది. బూర వదులుకున్న మంద్రాన్ని మనం డబ్బిచ్చి తెచ్చుకున్నాం. దానికి కరెంటు రూపంలో కూడా చెల్లించవలసి ఉందని అమ్మినవారు చెప్పలేదు, కొన్నవారు అడగలేదు.

లెక్క చూడండి. నిజంగా 500 వాట్లు ఇచ్చే ఆంప్లిఫయరు, నూటికి 60 పాళ్ల సామర్థ్యంతో పనిచేస్తే, బ్యాటరీ నుంచి 830 వాట్లు గుంజాలి. 12.5 వోల్టుల దగ్గర అది సుమారు 67 ఆంపియర్లు. దారిలో ఎక్కడో ఒక అతుకు చిలుము పట్టి 0.05 ఓము అడ్డగించిందనుకుందాం. చేతిలో పట్టుకునే మామూలు మీటరుకు అది సరిగా ఆనను కూడా ఆనదు. 67 ఆంపియర్లు పారినప్పుడు అక్కడ 3.3 వోల్టులు హరించుకుపోతాయి. ఆంప్లిఫయరు దగ్గర మిగిలేది 9.2. చాలా ఆంప్లిఫయర్లు 10 వోల్టులకు అటూ ఇటూగా దిగగానే ఆత్మరక్షణకు తలుపు మూసుకుంటాయి. మూసుకోగానే పారుదల ఆగుతుంది. పారుదల ఆగితే అతుకు దగ్గర నష్టం కూడా ఆగుతుంది. మట్టం మళ్లీ 12.5కు ఎగబాకుతుంది. ఆంప్లిఫయరు కళ్లు తెరుస్తుంది. తరువాతి దరువు పడుతుంది, మళ్లీ మూసుకుంటుంది. ఆగి ఆగి మోగడంలోని రహస్యం ఇంతే. అదే అతుకు పాత అంబాసిడరులో ఉండి, బూరల కోసం 6 ఆంపియర్లు పారితే నష్టం 0.3 వోల్టు. ఎవరూ గమనించరు. జబ్బు అప్పుడూ ఉంది, బయటపెట్టేంత ఆకలి లేదు.

మెకానిక్కులు మోసపోయేది కూడా ఇక్కడే. పాట ఆపి మీటరు పెడితే ఆంప్లిఫయరు దగ్గర నిండు 12.5 కనిపిస్తుంది. కరెంటు బాగుంది, పెట్టె పోయిందని తీర్పు. లాకులు మూసిన కాలువలో నీరు నిలబడి ఉన్నప్పుడు శివారులో కూడా మట్టం సమంగానే ఉంటుంది. పారేటప్పుడు కొలవాలి. దరువు గట్టిగా వేసే పాట పెట్టి, మీటరు ఒక మొన బ్యాటరీ రుణధ్రువం మీద, రెండో మొన ఆంప్లిఫయరు ఎర్త్ మర మీద ఆనించండి. రెండూ ఒకే లోహపు దారి రెండు కొసలు గనుక ఆదర్శంగా సున్న రావాలి. దరువు పడినప్పుడల్లా ముల్లు అర వోల్టు దాటి ఎగిరితే ఎర్త్ దారి బాగాలేదన్నమాట. అలాగే ధనధ్రువం నుంచి ఆంప్లిఫయరు దాకా మరో కొలత. ఎక్కడ మట్టం పడుతోందో అక్కడే గండి.

గండ్లు మన సీమలో ప్రత్యేకించి ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలో ఉప్పు. వానాకాలమంతా చెమ్మ. రాగి మీద ఆకుపచ్చ చిలుము, ఇనుము మీద తుప్పు. ఎర్త్ తీగను రంగు గీకకుండా కారు బాడీకి బిగించేవారున్నారు. రంగు కరెంటును పోనివ్వదు, మర గాడిలో ఎక్కడో ఒరుసుకున్న చోట మాత్రం కాస్త పోతుంది. ఆరు నెలలు పనిచేసి ఒక వానాకాలం తరువాత మొరాయిస్తుంది. గీకి, తళుక్కుమనే లోహానికి బిగించి, పైన కాస్త గ్రీజు పూయడం పది నిమిషాల పని. తీగ కూడా చూడాలి. ఇంటి వైరింగులో వాడే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్లు లాగితే 67 ఆంపియర్లకు దాదాపు ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. 21 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోయేది పావు వోల్టుకు కాస్త పైన. లావుపాటి తొడుగు లోపల రాగి పూత పూసిన అల్యూమినియం పెట్టి అమ్మే తీగలు వేరే ఉన్నాయి, లావు చూసి మోసపోరాదు. బ్యాటరీ పక్కనే, మూరెడు లోపల, ఫ్యూజు తప్పనిసరి. ఎందుకంటే 67 ఆంపియర్లు పారే తీగ ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే ఆగేది పాట కాదు, కారే తగలబడుతుంది.

అన్ని మౌనాలూ మట్టం మౌనాలు కావు. నాడి చూసినట్టు ఆగే తీరును బట్టి కారణం పసిగట్టవచ్చు. గట్టి దరువుకే ఆగి వెంటనే లేస్తే పైన చెప్పిన గండి. అరగంట బాగా మోగి ఆగి, పావుగంట చల్లారాక లేస్తే వేడి. ఆంప్లిఫయరును సీటు కింద తివాచీలో చుట్టి పెట్టి ఉంటారు, లేదా మోయలేని భారం తగిలించి ఉంటారు. 4 ఓముల ఊఫర్లు రెండు పక్కపక్కన కలిపితే 2 ఓములవుతుంది. రెండు చానళ్లను జోడించి వాడే ఆంప్లిఫయర్లలో చాలా వాటికి 4 ఓములకు తగ్గితే ఊపిరాడదు. గోతిలో చక్రం పడినప్పుడే ఆగితే వదులైన తీగ, ఫ్యూజు గూడు, లేక ఆంప్లిఫయరును మేల్కొలిపే సన్నని రిమోట్ తీగ. మెల్లగా పెడితే మోగి, పెంచితే గరగరలాడి ఆగితే అప్పుడు మాత్రం నింద పెట్టెదే. శంకువుతో పాటు ఊగే అల్లిక తీగ అలసి తెగి, ఊగినప్పుడు విడిపోతూ నిలిచినప్పుడు అంటుకుంటూ ఉంటుంది. తీగలు విప్పి, మీటరును ఓముల మీద పెట్టి, శంకువును అరచేతితో మెల్లగా నొక్కి చూస్తే తేలిపోతుంది. 4 ఓముల ఊఫరు మూడు పైచిలుకు చూపుతూ నిలకడగా ఉండాలి, నొక్కినప్పుడు అంకె ఎగిరిపోతే తీగ తెగినట్టే. మీటరు లేని రోజుల్లో టార్చిలైటు బ్యాటరీ ఒకటి తాకించి టక్కుమంటే బతికుంది అనేవారు. అదీ మంచి పరీక్షే.

ఊరేగింపులకు వచ్చే డీజే వ్యాన్లు ఈ బాధ తప్పించుకోవడానికి ఏకంగా జనరేటరునే మోసుకొస్తున్నాయి. 230 వోల్టులు అంటే ఆనకట్టను చేను గట్టుకు తెచ్చి కట్టడమే. ఆగకుండా మోగుతాయి. ఆగితే బాగుండునని రోగులూ పసిపిల్లల తల్లులూ అనుకునేటంతగా మోగుతాయి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు నిషిద్ధం. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. పండుగల పేర ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే వీలు రాష్ట్రాలకు ఉంది. ఆచరణ సంగతి మీకూ తెలుసు.

మైకు ఆగకూడని సందర్భం వేరే ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో అక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారింది. 2022 జూలైలో పాతిక లక్షలు దాటింది. లంక గ్రామాల్లో మైకు కట్టిన ఆటో తిరిగి చెప్పేది అప్పుడే. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను తాకినప్పుడు వెయ్యి మందికి పైగా పోయారు, సముద్రంలో వేటకు వెళ్లి ఉన్నవారికి ఏ బూరా వినిపించలేదు. ఒడ్డున ఉన్నవారికైనా వినిపించడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఇక్కడ మన భాషకే చెందిన ఒక ప్రమాదం ఉంది. తెలుగులో కాదనడం మాట చివర వస్తుంది. ‘గట్టు మీదికి రావచ్చు’, ‘గట్టు మీదికి రావద్దు’ అన్న రెండు ఆజ్ఞలకూ తేడా ఒక్క అక్షరం. ‘ఇళ్లు ఖాళీ చేయవలసిన అవసరం లేదు’ అన్న ప్రకటనలో చివరి మాటను వదులైన తీగ మింగితే ఊరు సామాను సర్దుకుంటుంది. ‘పడవలు దాటడానికి వీల్లేదు’ అన్నదాంట్లో తోక తెగితే మరింత అనర్థం. మాట చివర గొంతు సహజంగానే దిగుతుంది. అసలే లోతట్టు, ఆపైన బ్యాటరీ నీరసిస్తే ముందు మునిగేది ఆ చివరి అక్షరమే. టముకు వేసేవాడు ఒకే కబురును ప్రతి కూడలిలోనూ పదేపదే చెప్పడానికి ఈ ఎరుక కూడా కొంత కారణమై ఉంటుంది. ప్రకటన రాసే ఉద్యోగులు ‘వద్దు’ను ముందుకు తెచ్చి, ‘రావద్దు, రావద్దు, గట్టు మీదికి రావద్దు’ అని రాస్తే తీగ ఒకసారి మింగినా రెండుసార్లు మిగులుతుంది.

ఆ ఆటోల మీద ఉన్నది పాత రేకు బూరే, తాగేది అవే ఐదారు ఆంపియర్లు. కాబట్టి చిలుము పట్టిన అతుకు పొడి రోజున ఏ ఇబ్బందీ పెట్టదు. రోజంతా వానలో తడుస్తూ, ఇంజను మెల్లగా నడుస్తూ, బ్యాటరీ 11 వోల్టులకు దిగినప్పుడు పెడుతుంది. వరద సాధారణంగా జూలై, ఆగస్టుల్లో వస్తుంది. ఎర్త్ మర విప్పి గీకి బిగించవలసినది జూన్‌లో, తొలకరికి ముందు.